జావా వెబ్ యాప్ నెమ్మదిస్తే: ఏ టూల్ పట్టుకోవాలి, ఏ మార్పు చేయాలి

ప్రొడక్షన్‌లో యాప్ స్లో అయిందనగానే చాలా టీముల్లో చెయ్యి ముందు హీప్ (జావా ఆబ్జెక్టులు ఉండే మెమరీ) సైజు మీదికే పోతుంది. 4 జీబీ ఉన్నదాన్ని 8 చేస్తారు. అయినా తగ్గకపోతే యాప్‌ను నడిపే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో థ్రెడ్లు, అంటే రిక్వెస్ట్‌లు మోసే పనివాళ్ల సంఖ్య పెంచుతారు. అదీ పనిచేయకపోతే ఇంకో రెండు సర్వర్లు పెడతారు. ఒక్కోసారి గుడ్డిగా వేసిన దెబ్బ తగిలి సమస్య పోతుంది కూడా. ఇక అప్పటినుంచి ఎక్కడ ఏం స్లో అయినా అదే వైద్యం. అసలు చేయాల్సింది దీనికి తలకిందులు. టైమ్ ఎక్కడ పోతోందో చూపించే టూల్ ముందు, మార్పు తర్వాత. రెండింట్లోనూ ఆప్షన్లు బోలెడు ఉన్నాయి కాబట్టి ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎప్పుడు దండగో ఇక్కడ పోల్చి చూద్దాం.

పనిచేస్తోందా, ఆగి ఉందా?

ఒక రిక్వెస్ట్‌కు 2 సెకన్లు పట్టిందనుకోండి. ఆ 2 సెకన్లూ దాన్ని మోస్తున్న థ్రెడ్ సీపీయూ మీద పనైనా చేస్తూ ఉండాలి, దేనికోసమైనా ఆగైనా ఉండాలి. ఆగడానికి కారణాలు చాలా ఉంటాయి: డేటాబేస్ జవాబు, ఇంకో సర్వీసు జవాబు, ఎవరో పట్టుకున్న లాక్, పూల్‌లో (డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచే చోట) ఖాళీ కనెక్షన్. ఈ రెండింట్లో మీది ఏదో తేలకముందే టూల్ ఎంచుకోవడం వల్లే సగం శ్రమ వృథా అవుతుంది.

తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. లోడ్ గట్టిగా ఉన్నప్పుడు సీపీయూ 90 శాతం దాటి ఉంటే పని ఎక్కువై నెమ్మదించినట్టు. సీపీయూ 15, 20 శాతం దగ్గరే తిరుగుతూ యూజర్లు మాత్రం విసుక్కుంటున్నారంటే థ్రెడ్లు ఎక్కడో ఆగి ఉన్నట్టు. వెనకాల ఒక డేటాబేస్ పెట్టుకుని నడిచే మామూలు బిజినెస్ యాప్‌లలో ఈ రెండోదే ఎక్కువ. అలాంటి యాప్‌కు సీపీయూ ప్రొఫైలర్ (ఏ మెథడ్ ఎంత సీపీయూ తిందో కొలిచే టూల్) పెడితే ఆ 15 శాతంలో ఏముందో చూపిస్తుంది, మిగతా టైమ్ దాని కంటికే ఆనదు. అందులో పైన కనిపించిన మెథడ్‌ను ఎంత చెక్కినా యూజర్‌కు తేడా తెలియదు.

కంటైనర్లలో మాత్రం ఈ లెక్క ఒక్కోసారి మోసం చేస్తుంది. సీపీయూ లిమిట్ పెట్టిన కంటైనర్‌కు లైనక్స్ కెర్నల్ మామూలుగా 100 మిల్లీసెకన్ల విడతల్లో కోటా ఇస్తుంది. ఒక విడతలో కోటా ముందే అయిపోతే, మిగతా విడతంతా ఆ కంటైనర్‌లోని థ్రెడ్లన్నీ ఆగిపోతాయి. నిమిషానికో సగటు చూపించే గ్రాఫ్ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. కంటైనర్‌లో స్లో అయినప్పుడు థ్రాటిల్ అయిన (కోటా అయిపోయి ఆగిన) లెక్క పెరుగుతోందేమో సీగ్రూప్ (కెర్నల్‌లో ఈ కోటాలు చూసుకునే భాగం) గణాంకాల్లో ఒకసారి చూడటం మంచిది.

కనిపెట్టే టూల్స్‌లో ఏది?

అన్నిటికంటే చవకైనది థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణాన ఒక్కో థ్రెడ్ ఏ కోడ్‌లో ఉందో చూపే జాబితా. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్‌తో) వచ్చే జేస్టాక్ గానీ జేసీఎండీ గానీ చాలు. ఒక్క డంప్‌తో సరిపెట్టుకోకండి. 5, 10 సెకన్ల తేడాతో మూడు నాలుగు తీసి, రిక్వెస్ట్‌లు మోసే థ్రెడ్లు ప్రతిసారీ ఎక్కడ కనిపిస్తున్నాయో పోల్చాలి. ఎక్కువ భాగం హికారీ (కనెక్షన్ పూల్ లైబ్రరీ) పూల్‌లో కనెక్షన్ తీసుకునే చోటే నిలబడి ఉంటే పూల్ దగ్గర క్యూ కట్టినట్టు. జేడీబీసీ డ్రైవర్ (జావా తరఫున డేటాబేస్‌తో మాట్లాడే కోడ్) కింద సాకెట్, అంటే నెట్‌వర్క్ కనెక్షన్, చదువుతూ ఉంటే డేటాబేస్ జవాబు కోసం ఆగినట్టు. ఒకే మానిటర్ (జావా ఆబ్జెక్ట్ మీది లాక్) కోసం పది థ్రెడ్లు బ్లాక్డ్ అని ఉంటే అది లాక్. ఇక్కడ కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. సాకెట్ మీద జవాబు కోసం ఆగిన మామూలు థ్రెడ్ కూడా డంప్‌లో రన్నబుల్ (పనిచేస్తోంది) అనే కనిపిస్తుంది, ఎందుకంటే అది నేటివ్ కాల్‌లో (జావా బయటి కోడ్‌లో) ఉంటుంది, జావాను నడిపే జేవీఎంకు దాని లోపలి సంగతి తెలియదు. అందుకే స్థితి పేరు చూసి ఆగిపోకుండా స్టాక్‌లో (ఏ మెథడ్ దేన్ని పిలిచిందో చూపే వరుసలో) పై నాలుగు వరుసలు చదవాలి.

సీపీయూ ఎక్కువగా ఉన్నప్పుడు కూడా డంప్ పనికొస్తుంది. లైనక్స్ టాప్ కమాండ్‌ను థ్రెడ్ల వారీగా నడిపి, ఎక్కువ తింటున్న థ్రెడ్ నంబరు పట్టుకుని, డంప్‌లో అదే నంబరున్న థ్రెడ్‌ను వెతకడమే. పాత జేడీకేలలో డంప్‌లో ఆ నంబరు హెక్సాడెసిమల్‌లో ఉంటుంది కాబట్టి మార్చుకోవాలి. ఈ పద్ధతి చూడ్డానికి మోటుగా ఉన్నా ఐదు నిమిషాల్లో దోషి దొరుకుతుంది.

డంప్‌కు చేతకానిది కొలత. ఏ మెథడ్‌లో ఎంత శాతం టైమ్ పోయిందో, ఎంత చెత్త ఆబ్జెక్టులు పుట్టాయో అది చెప్పలేదు. అక్కడినుంచి, జేవీఎంలోనే ఉండి జరిగేవాటిని నమోదు చేసే ఫ్లైట్ రికార్డర్ పని మొదలవుతుంది. ఇది ఒకప్పుడు ఒరాకిల్ జేడీకేలో డబ్బు కట్టి వాడాల్సిన ఫీచర్. 2018లో జేడీకే 11తో ఓపెన్ సోర్స్ అయింది, తర్వాత జేడీకే 8 అప్‌డేట్ 262కు కూడా వచ్చింది. డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో దాని భారం దాదాపు 1 శాతంలోపే ఉండేలా తయారుచేశారు, అందుకే ప్రొడక్షన్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండేలా వదిలేయొచ్చు. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. రాత్రి 2 గంటలకు ఏదో జరిగి దానంతటదే సర్దుకుంటే, పొద్దున్నే వచ్చి ఆ గంట రికార్డింగ్ తీసి మిషన్ కంట్రోల్ అనే వ్యూయర్‌లో తెరిచి చూడొచ్చు. థ్రెడ్ డంప్‌కైతే సమస్య జరుగుతున్నప్పుడు మనిషి పక్కన ఉండాలి.

దానికీ గుడ్డిమచ్చలున్నాయి. చాలా వెర్షన్లలో డిఫాల్ట్‌గా 20 మిల్లీసెకన్లకు మించిన సాకెట్ రీడ్‌లనే అది నమోదు చేస్తుంది. ఒక్కోటి 2 మిల్లీసెకన్ల చొప్పున ఒకే రిక్వెస్ట్‌లో 500 క్వెరీలు వెళ్తే మొత్తం 1 సెకను అక్కడే పోతుంది, రికార్డింగ్‌లో మాత్రం ఒక్కటీ కనపడదు. ఎన్ ప్లస్ వన్ సమస్య (ఒక క్వెరీతో జాబితా తెచ్చి, అందులో ఒక్కోదానికీ ఇంకో క్వెరీ పంపడం) చాలాచోట్ల ఇలాగే తప్పించుకుంటుంది.

సీపీయూ నిజంగా మండిపోతున్న యాప్‌కు నా ఓటు అసింక్ ప్రొఫైలర్‌కు. చాలా పాత ప్రొఫైలర్లు థ్రెడ్ సేఫ్‌పాయింట్‌కు (జేవీఎం దాన్ని ఆపగలిగే చోటుకు) చేరినప్పుడు మాత్రమే శాంపిల్ తీస్తాయి. దానివల్ల అసలు టైమ్ తినే లూప్‌కు బదులు దాని పక్కనున్న అమాయకపు మెథడ్ మీద నింద పడుతుంది. అసింక్ ప్రొఫైలర్ సేఫ్‌పాయింట్ కోసం ఆగదు, జావా స్టాక్‌తో పాటు జేవీఎం, కెర్నల్ స్టాక్‌లను కూడా కలిపి ఫ్లేమ్ గ్రాఫ్‌గా (ఎక్కువ టైమ్ తిన్న మెథడ్ ఎక్కువ వెడల్పుగా కనిపించే బొమ్మగా) గీస్తుంది. సీపీయూ మోడ్ ఒక్కటే కాకుండా మెమరీ కేటాయింపులు, లాకులు, వాల్ క్లాక్ అనే మోడ్‌లు కూడా ఉన్నాయి. వాల్ క్లాక్ మోడ్‌లో ఆగి ఉన్న థ్రెడ్లు కూడా లెక్కలోకొస్తాయి కాబట్టి సీపీయూ ఖాళీగా ఉన్న యాప్‌కూ పనికొస్తుంది. ఇబ్బందులు రెండు: విండోస్‌లో నడవదు, కట్టుదిట్టంగా ఉన్న కంటైనర్లలో కెర్నల్ పర్మిషన్ల కోసం ఆపరేషన్స్ టీమ్‌తో మాట్లాడాల్సి వస్తుంది.

విజువల్‌వీఎం అనే గ్రాఫికల్ టూల్ గురించి రెండు ముక్కలు చాలు. డెవలపర్ ల్యాప్‌టాప్ మీద హీప్ ఎలా పెరుగుతోందో చూసుకోవడానికి బాగుంటుంది. ప్రతి మెథడ్‌కూ కోడ్ తగిలించే ఇన్‌స్ట్రుమెంటేషన్ మోడ్‌ను మాత్రం లోడ్ ఉన్న సర్వర్ మీద పెట్టొద్దు, కొలిచే పనే కొలతను చెడగొడుతుంది.

చివరిది ట్రేసింగ్. ఓపెన్ టెలిమెట్రీ జావా ఏజెంట్‌ను కోడ్ మార్చకుండానే స్టార్టప్‌లో తగిలించొచ్చు. ఒక రిక్వెస్ట్ ఏయే సర్వీసుల్లోంచి వెళ్లిందో, ఎన్ని ఎస్‌క్యూఎల్ క్వెరీలు నడిపిందో వరుసగా కనిపిస్తుంది. ఫ్లైట్ రికార్డర్‌కు దొరకని ఆ 500 చిన్న క్వెరీలు ఇక్కడ నిచ్చెన మెట్లలా బయటపడతాయి. ఖర్చు వచ్చేది ఆ డేటాను దాచిపెట్టుకోవడంలో. అందుకే చాలామంది కొన్ని రిక్వెస్ట్‌లను మాత్రమే ఉంచుకుంటారు, అరుదుగా వచ్చే స్లో రిక్వెస్ట్ అందులో పడకపోవచ్చు. మెథడ్ లోపల ఏం జరుగుతోందన్నది కూడా ట్రేసింగ్ పెద్దగా చెప్పదు.

ఎంచుకోవాల్సి వస్తే నా వరుస ఇది. ఒకే యాప్, ఒకే డేటాబేస్ అయితే ఫ్లైట్ రికార్డర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, సమస్య వచ్చినప్పుడు థ్రెడ్ డంపులు తీయడం చాలు. మూడు నాలుగు సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే వ్యవస్థ అయితే ట్రేసింగ్ లేకుండా మొదలుపెట్టకండి, లేకపోతే తప్పు మాది కాదంటే మాది కాదని టీముల మధ్య వాదనతోనే రోజు గడిచిపోతుంది. సీపీయూ ఎక్కువైన కేసు దొరికినప్పుడు అసింక్ ప్రొఫైలర్ బయటికి తీయండి.

ఇక లోడ్ టెస్ట్ (కావాలని రిక్వెస్ట్‌లు పంపి చూసే) టూల్స్‌లో జేమీటరా, గ్యాట్లింగా అనే వాదన కంటే ముఖ్యమైనది ఒకటుంది. జవాబు వచ్చాకే తర్వాతి రిక్వెస్ట్ పంపే పద్ధతిలో, సర్వర్ 5 సెకన్లు స్తంభించిపోతే టెస్ట్ కూడా మర్యాదగా 5 సెకన్లు ఆగుతుంది. ఆ 5 సెకన్లలో రావాల్సిన రిక్వెస్ట్‌లు లెక్కలోకే రావు, రిపోర్ట్ అందంగా ఉంటుంది. జావా పనితీరు నిపుణుడు గిల్ టెనే ఈ లోపానికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టాడు. బయటి ప్రపంచంలో యూజర్లు మన జవాబు కోసం ఆగి రారు కాబట్టి, సెకనుకు ఇన్ని అని నిర్ణీత వేగంతో పంపే పద్ధతిని ఎంచుకోండి. సగటు చూడకుండా 99వ పర్సంటైల్ (నూటికి 99 రిక్వెస్ట్‌లు ఎంత టైమ్‌లోపు ముగిశాయో ఆ అంకె) చూడండి.

పూల్ పెంచాలా, కనెక్షన్ తొందరగా వదలాలా?

ఇక మార్పుల దగ్గరికొస్తే, అన్నిటికంటే ఎక్కువ కనిపించేది కనెక్షన్ పూల్ దగ్గరి క్యూ. టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా 200 థ్రెడ్ల దాకా వెళ్తుంది, హికారీ డిఫాల్ట్ పూల్ 10. అంటే 200 మంది లోపలికొచ్చి 10 కనెక్షన్ల కోసం నిలబడతారు. డిఫాల్ట్ టైమ్‌అవుట్ 30 సెకన్లు కాబట్టి ఎర్రర్ కూడా వెంటనే రాదు, యాప్ నీరసంగా కనిపిస్తుందంతే.

లెక్క చాలా సులువు. ఒక్కో రిక్వెస్ట్ కనెక్షన్‌ను 50 మిల్లీసెకన్లు పట్టుకుంటే, 10 కనెక్షన్లతో సెకనుకు 200 రిక్వెస్ట్‌లు దాటవు. అదే మెథడ్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే (అంటే కనెక్షన్ వదలకుండానే) ఎవరో ఒక బయటి ఏపీఐని పిలిచారనుకోండి, అది 1 సెకను తీసుకుంటే ఆ 200 కాస్తా 10 కంటే కిందికి పడిపోతుంది. ఇప్పుడు పూల్‌ను 50 చేస్తే 50కి కాస్త తక్కువ అవుతుంది. ట్రాన్సాక్షన్ బయటికి ఆ కాల్‌ను జరిపితే మళ్లీ 200 అవుతుంది. రెండో మార్పుకు అరపూట పని, మొదటిదానికి ఒక్క లైన్, అందుకే అందరూ మొదటిదే చేస్తారు.

ఏది చేయాలో డేటాబేస్ వైపు చూస్తే తెలుస్తుంది. యాప్‌లో పూల్ నిండిపోయి, డేటాబేస్‌లో ఆ కనెక్షన్లు ట్రాన్సాక్షన్ తెరుచుకుని ఖాళీగా కూర్చుంటే, మీ కోడ్ వాటిని ఊరికే పట్టుకుంది. అప్పుడు పూల్ పెంచడం తప్పు వైద్యం. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, స్టార్టప్‌లో ఒక హెచ్చరిక కూడా రాస్తుంది, ఎవరూ చదవరు. అది ఆన్‌లో ఉంటే పేజీ తయారయ్యేదాకా డేటాబేస్ సెషన్, దాంతో పాటు కనెక్షన్ కూడా చిక్కుకుపోవచ్చు. కొత్త ప్రాజెక్ట్‌లో మొదటి రోజే దాన్ని ఆఫ్ చేయండి. పాత ప్రాజెక్ట్‌లో ఆఫ్ చేస్తే లేజీ లోడింగ్ ఎర్రర్లు (సెషన్ మూసుకున్నాక డేటా అడిగితే వచ్చేవి) వరదలా వస్తాయి, కాబట్టి స్క్రీన్ తర్వాత స్క్రీన్ సరిచేసుకుంటూ వెళ్లాలి.

డేటాబేస్ సీపీయూ నిండిపోయి ఉంటే పూల్ పెంచడం ఇంకా హాని. క్యూ యాప్‌లో ఉండేది కాస్తా డేటాబేస్ లోపలికి మారుతుంది. డేటాబేస్‌కు తీరిక ఉండి, క్వెరీలు వేగంగానే ఉండి, అయినా పూల్ దగ్గర క్యూ ఉంటేనే పెంచాలి. పెంచేముందు ఇన్‌స్టాన్స్‌ల (నడుస్తున్న యాప్ కాపీల) సంఖ్యతో గుణించి చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్ హద్దు 100 కనెక్షన్లు, పూల్ 30 చొప్పున 4 ఇన్‌స్టాన్స్‌లు పెడితే అది దాటిపోతుంది. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసేటప్పుడు కాసేపు పాతవీ కొత్తవీ కలిసి నడుస్తాయన్న సంగతి కూడా లెక్కలో ఉండాలి.

ఎన్ ప్లస్ వన్‌కు మూడు దారులు

డేటాబేస్ వరుసలను జావా ఆబ్జెక్టులుగా తెచ్చే హైబర్నేట్ లైబ్రరీలో ఆర్డర్ల జాబితా ఒక క్వెరీతో తెచ్చి, ఒక్కో ఆర్డర్‌లోని ఐటమ్స్‌కు ఇంకో క్వెరీ పంపడం అందరికీ తెలిసిన కథే. డెవలపర్ మెషిన్‌లో ఐదు వరుసలే ఉంటాయి కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు.

జాయిన్ ఫెచ్ (ఆర్డర్లనూ ఐటమ్స్‌నూ ఒకే క్వెరీలో తేవడం) రాయడానికి తేలిక, ఒకే కలెక్షన్ ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. కానీ పేజినేషన్‌తో (పేజీకి ఇన్ని వరుసలని తేవడంతో) కలిపితే ప్రమాదం. కలెక్షన్‌ను జాయిన్ ఫెచ్ చేస్తూ 20 వరుసలే కావాలని అడిగితే, హైబర్నేట్ మొత్తం జాబితా మెమరీలోకి తెచ్చుకుని అక్కడ 20 కోస్తుంది. లాగ్‌లో ఒక హెచ్చరిక మాత్రం వస్తుంది. పేజినేషన్ ఉన్నచోట బ్యాచ్ ఫెచింగ్ (చాలా ఆర్డర్ల ఐటమ్స్‌ను ఒక్కో క్వెరీలో తేవడం) మేలు: బ్యాచ్ సైజు 50 పెడితే 500 అదనపు క్వెరీలు 10కి దిగుతాయి, కోడ్ పెద్దగా మారదు. చదివి చూపించడానికే ఉన్న స్క్రీన్ అయితే కావాల్సిన కాలమ్స్ మాత్రమే తెచ్చే డీటీఓ ప్రొజెక్షన్‌ను మించింది లేదు, ఎంటిటీలను గమనిస్తూ కూర్చునే పని కూడా హైబర్నేట్‌కు తప్పుతుంది. పాత యాప్‌కు వెంటనే ఊరట కావాలంటే బ్యాచ్ ఫెచింగ్‌తో మొదలుపెట్టి, ఎక్కువమంది వాడే రెండు మూడు స్క్రీన్లకు ప్రొజెక్షన్ రాసుకోవడం నేను చెప్పే దారి.

థ్రెడ్లు పెంచడం, వర్చువల్ థ్రెడ్లు, రియాక్టివ్

రిక్వెస్ట్‌లు బయటి సర్వీసుల కోసం ఆగడంలోనే టైమ్ పోతుంటే, ఆ సర్వీసులు మన చేతిలో లేకపోతే, అప్పుడే ఈ మూడింటి పోలిక అవసరం. ఎన్ని థ్రెడ్లు కావాలన్నది కూడా లెక్కే: సెకనుకు 300 రిక్వెస్ట్‌లు, ఒక్కోటి 2 సెకన్లు అయితే ఏ క్షణంలోనైనా 600 రిక్వెస్ట్‌లు లోపల ఉంటాయి. 200 థ్రెడ్లతో అది కుదరదు.

600 థ్రెడ్లకు పెంచడం పాత జేడీకే మీదున్న యాప్‌కు తప్పు కాదు. ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు 64 బిట్ లైనక్స్‌లో 1 ఎంబీ దాకా కేటాయింపు ఉంటుంది, వాడినంత మేరే నిజమైన మెమరీ పోతుంది. కొన్ని వందల దాకా ఇది అందరూ భయపెట్టినంత భారం కాదు. వేలల్లోకి వెళ్తే వేరే దారి చూడాలి.

2023 సెప్టెంబరులో వచ్చిన జేడీకే 21లో వర్చువల్ థ్రెడ్లు (జేవీఎం తానే నడిపే చవకైన థ్రెడ్లు) పూర్తి స్థాయిలో వచ్చాయి. స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి ఒక్క ప్రాపర్టీతో ఆన్ చేయొచ్చు. కోడ్ మామూలుగా, పైనుంచి కిందికి చదివేలానే ఉంటుంది, స్టాక్ ట్రేస్ అర్థమవుతుంది. 21లో ఒక చిక్కుంది: సింక్రనైజ్డ్ బ్లాక్‌లో (లాక్ పట్టుకుని నడిచే కోడ్‌లో) ఉండగా ఆగితే వర్చువల్ థ్రెడ్ తన కింది అసలు థ్రెడ్‌ను కూడా పట్టుకుని కూర్చుంటుంది. పాత డ్రైవర్లలో, లైబ్రరీల్లో సింక్రనైజ్డ్ విరివిగా ఉంటుంది. 2025 మార్చిలో వచ్చిన జేడీకే 24లో దీన్ని చాలావరకు తీసేశారు, లాంగ్ టర్మ్ సపోర్ట్ వెర్షనే కావాలంటే 25కు వెళ్లాలి. ఇంకో సంగతి, సీపీయూ పనికి వర్చువల్ థ్రెడ్లు ఏమాత్రం సాయం చేయవు. పూల్‌లో 10 కనెక్షన్లే ఉంటే, ఇంతకుముందు 200 మంది నిలబడ్డ చోట ఇప్పుడు 5,000 మంది నిలబడతారు. టామ్‌క్యాట్ థ్రెడ్ల హద్దు తెలియకుండానే డేటాబేస్‌కు కాపలా కాసేది, ఆ కాపలా పోతుంది. వర్చువల్ థ్రెడ్లు ఆన్ చేసేవాళ్లు బయటి కాల్స్‌కు సెమాఫోర్ (ఒకేసారి ఇన్నే అని ఆపేది) లాంటి హద్దు తామే పెట్టుకోవాలి.

వెబ్‌ఫ్లక్స్ లాంటి రియాక్టివ్ పద్ధతి (కొద్ది థ్రెడ్లే, జవాబు కోసం ఆగకుండా అన్ని రిక్వెస్ట్‌లనూ మోసేది) స్ట్రీమింగ్‌కు, వెనక్కి ఒత్తిడి తెలియజేయాల్సిన చోట్లకు ఇప్పటికీ మంచి ఎంపికే. కేవలం ఎక్కువ రిక్వెస్ట్‌లు మోయడానికే అయితే ఈరోజు కొత్త ప్రాజెక్ట్‌కు నేను దాన్ని ఎంచుకోను. డీబగ్గింగ్ నరకం, పైగా మధ్యలో ఎవరైనా ఒక్క బ్లాకింగ్ జేడీబీసీ కాల్ పెడితే ఆ రిక్వెస్ట్‌లను మోసే థ్రెడ్ (ఈవెంట్ లూప్) మొత్తం ఆగుతుంది. ఇప్పటికే రియాక్టివ్‌లో బాగా నడుస్తున్న యాప్‌ను మాత్రం తిరగరాయకండి.

క్యాష్: లోపలా, బయటా?

క్యాష్‌కు (ఒకసారి తెచ్చిన డేటాను దగ్గర దాచుకోవడానికి) చేయి చాచేముందు ఆ క్వెరీకి ఇండెక్స్ ఉందో లేదో చూడండి. ఉండి కూడా అదే డేటాను పదే పదే చదువుతుంటే అప్పుడు క్యాష్. అరుదుగా మారే చిన్న డేటాకు, అంటే సెట్టింగ్స్, రేట్ల పట్టికలు, పర్మిషన్లు లాంటివాటికి యాప్ మెమరీలోనే ఉండే క్యాఫీన్ లైబ్రరీ చాలు, నెట్‌వర్క్ ప్రయాణమే ఉండదు. నాలుగు ఇన్‌స్టాన్స్‌లలో నాలుగు కాపీలు కాసేపు వేర్వేరుగా ఉంటే కొంప మునిగే డేటాకు, లేదా హీప్‌లో పట్టనంత డేటాకు రెడిస్, అంటే యాప్ బయట అందరికీ ఉమ్మడిగా ఉండే క్యాష్ సర్వర్. కానీ రెడిస్ కాల్‌ను లూప్‌లో పెడితే ఎన్ ప్లస్ వన్ మళ్లీ తయారైనట్టే, ఈసారి డేటాబేస్ మార్చుకుని.

జీసీ మార్చాలా?

జీసీ అంటే గార్బేజ్ కలెక్టర్, వాడకం అయిపోయిన ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసేది. చాలామంది మొదట చేసే ఈ పనిని నేను చివర పెట్టాను. కలెక్టర్ మార్చేముందు జీసీ లాగ్ ఆన్ చేసి ఒక రోజు చూడండి, దాని భారం లెక్కలోకి రాదు.

జేడీకే 9 నుంచి జీ1 డిఫాల్ట్, అది 200 మిల్లీసెకన్ల పాజ్‌ను (కలెక్టర్ పనికోసం యాప్ ఆగే టైమ్‌ను) లక్ష్యంగా పెట్టుకుని పనిచేస్తుంది. మామూలు వెబ్ యాప్‌కు అది చాలు. 99వ పర్సంటైల్ కొన్ని పదుల మిల్లీసెకన్లలోపు ఉండాల్సిన యాప్‌కు, పెద్ద హీప్‌లకు జడ్‌జీసీ తగినది, జేడీకే 21లో వచ్చిన జనరేషనల్ (కొత్త, పాత ఆబ్జెక్టులను విడిగా చూసే) రూపంతో బాగా మెరుగైంది. బదులుగా కొంత సీపీయూ, కొంత ఎక్కువ మెమరీ అడుగుతుంది. 32 జీబీలోపు హీప్‌లలో పాయింటర్లను కుదించే సదుపాయం జడ్‌జీసీలో లేదు, అందుకే చిన్న హీప్‌తో నడిచే యాప్‌ను దానికి మారిస్తే మెమరీ చాలక ఇంకా నెమ్మదించే అవకాశం ఉంది. రాత్రిపూట బ్యాచ్ జాబ్ మాత్రమే నడిపే ప్రాసెస్‌కు పాజ్‌లతో పట్టింపు లేదు, దానికి ప్యారలల్ కలెక్టరే నయం.

కంటైనర్లలో ఇంకో చిన్న విషయం. సీపీయూ 2 కంటే తక్కువగానో, మెమరీ సుమారు 1,792 ఎంబీ కంటే తక్కువగానో కనిపిస్తే జేవీఎం అది సర్వర్ మెషిన్ కాదనుకుని, జీ1 బదులు సీరియల్ కలెక్టర్‌ను ఎంచుకుంటుంది. హీప్ ఎంతో మనం చెప్పకపోతే ఉన్న మెమరీలో నాలుగో వంతే తీసుకుంటుంది. 2 జీబీ కంటైనర్ ఇచ్చి, లోపల 512 ఎంబీ హీప్‌తో యాప్ నడుస్తోందని తెలియని టీములున్నాయి. అలాంటిచోట కలెక్టర్ పేరు, హీప్ శాతం రెండూ స్పష్టంగా రాసిపెట్టండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, లాగ్‌లో పాజ్‌లన్నీ కలిపినా మొత్తం టైమ్‌లో 1 శాతం కూడా లేకపోతే జీసీ జోలికి వెళ్లకండి, మళ్లీ థ్రెడ్ డంప్ దగ్గరికే వెళ్లండి.